తాపీ ఎగువన, కాంప్టన్ గట్టు దిగువన
(పరమాణువు కథ – 14వ భాగం)

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉంది అమ్రోలి. ఎదుటి ఒడ్డు కతార్‌గాం. రెండింటినీ కలిపే వంతెనకు దిగువన, సింగణ్‌పోర్ దగ్గర, 1995లో కట్టిన అడ్డుకట్ట వల్ల ఇక్కడ మంచినీళ్లు నిలుస్తాయి. నగరం తాగే నీళ్లకు తాపీయే ఆధారం. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే సూరత్ చేరిన మన పద్మశాలి కుటుంబాలు తాగేదీ ఈ నది నీళ్లే.

నది వెంట ఎగువకు వెళితే, సూరత్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం వస్తుంది. 220 మెగావాట్ల రియాక్టర్లు రెండు 1993, 1995లలో పని మొదలుపెట్టాయి. 700 మెగావాట్లవి మరో రెండు 2023, 2024లలో వాటి పక్కన చేరాయి. 2016 మార్చి 11న, ఫుకుషిమా ప్రమాదానికి సరిగ్గా అయిదేళ్లు నిండిన రోజున, ఇక్కడి మొదటి రియాక్టర్‌లో శీతలీకరణ గొట్టం ఒకటి చిల్లిపడి భారజలం కారింది. రియాక్టర్ ఆగిపోయింది. బయట వికిరణం మామూలు స్థాయిలోనే ఉందని అధికారులు ప్రకటించారు.

ఇలాంటి ప్రకటన వినగానే కొందరు నమ్ముతారు, కొందరు నమ్మరు. దాని వెనక ఏ కొలత ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. పాలలోనో చేపలోనో, రియాక్టర్‌లో పుట్టే సీసియం కనిపించలేదని ఒక పరికరం చెబితే, అసలు ఎంత ఉంటే దానికి కనిపిస్తుంది? ఈ భాగం ఆ ఒక్క ప్రశ్న గురించి. జవాబు కోసం సెయింట్ లూయిస్ మీదుగా వాల్తేరు దాకా వెళ్లి రావాలి.

మన అణువిద్యుత్ కేంద్రాలన్నింటి దగ్గరా భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పర్యావరణ సర్వే ప్రయోగశాల ఉంటుంది. రియాక్టర్ నడవడానికి కొన్నేళ్ల ముందే దాన్ని పెడతారు. ఏమీ జరగనప్పుడు మట్టిలో, నీళ్లలో ఏముందో రాసిపెట్టుకోకపోతే, తరవాత కొత్తగా వచ్చిందేదో తేల్చడం కుదరదు. చుట్టుపక్కల పల్లెల నుంచి పాలు, కూరగాయలు, చేపలు, మట్టి, నీళ్లు తెప్పించి కొలవడం ఆ ప్రయోగశాల నిత్యం చేసే పని.

ఒక లీటరు పాలు తీసుకుందాం. వాటిని మారినెల్లి బీకరు అనే ప్లాస్టిక్ పాత్రలో పోస్తారు. ఆ పాత్ర అడుగున మధ్యలో లోపలికి గుంత ఉంటుంది. ఆ గుంతలోకి జెర్మేనియం డిటెక్టర్ తల దూరేట్టు పాత్రను దించితే, డిటెక్టర్‌కు పైనా చుట్టూ పాలే ఉంటాయి. దాని చుట్టూ పది సెంటీమీటర్ల మందాన సీసపు గోడ. సీసం లోపలివైపు రాగి రేకు, తగరపు రేకు తొడుగుతారు, ఎందుకంటే సీసం కూడా కిరణాలు తగిలినప్పుడు తన సొంత ఎక్స్‌కిరణాలు విడుస్తుంది. డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్ చల్లగా ఉంచుతుంది. మూత వేసి గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా, వదిలేస్తారు.

తెల్లారి తెర మీద చూస్తే సీసియం సంగతి తరవాత, ముందు కంటపడేది పొటాషియం. లీటరు పాలలో దాదాపు ఒకటిన్నర గ్రాముల పొటాషియం ఉంటుంది. ప్రకృతిలో దొరికే పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు, భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గ్రాము పొటాషియంలో సెకనుకు దాదాపు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి, నూటికి 11 సార్లు 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇకపై కె.ఇ.వి.) గామా కిరణం వస్తుంది. అంటే ఆ లీటరు పాల నుంచి సెకనుకు అయిదు గామాలు. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. మన కండల్లోనూ ఇదే పొటాషియం, ఇదే గామా. ఇబ్బంది పరికరానికి.

తెర మీద 1461 దగ్గర సన్నగా, నిటారుగా ఒక శిఖరం లేస్తుంది. దానికి ఎడమవైపు కాస్త ఖాళీ. ఆ తరవాత 1243 దగ్గర ఉన్నట్టుండి ఒక గట్టు లేచి, అక్కడి నుంచి సున్నా దాకా ఎడతెగని మెట్టలా పరుచుకుంటుంది. మనం వెతుకుతున్న సీసియం-137 ఇచ్చే గామా శక్తి 662. అది సరిగ్గా ఈ మెట్ట మీద పడుతుంది. సీసియం పిసరంత ఉంటే, దాని శిఖరం ఆ మెట్ట ఎగుడుదిగుళ్లలో కలిసిపోతుంది.

మెట్ట ఎక్కడి నుంచి వచ్చింది? గామా కిరణం జెర్మేనియం స్ఫటికంలోకి వచ్చి తన శక్తి మొత్తాన్ని అక్కడే వదిలేస్తే శిఖరంలో ఒక లెక్క చేరుతుంది. చాలాసార్లు అలా జరగదు. క్యారమ్స్ బల్ల మీద స్ట్రైకర్ కాయిన్‌ను తాకి తాను ఒక పక్కకు, కాయిన్ ఒక పక్కకు పోయినట్టు, గామా ఒక ఎలక్ట్రాన్‌ను తాకి, కొంత శక్తిని దానికిచ్చి, మిగిలిన శక్తితో దిశ మార్చుకుని స్ఫటికం దాటి బయటికి పోతుంది. డిటెక్టర్‌కు దొరికేది ఎలక్ట్రాన్ వాటా ఒక్కటే. ఎంత వాటా అనేది గామా ఏ కోణంలో మళ్లిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రాసుకుంటూ తాకితే దాదాపు సున్నా. ఎదురుగా కొట్టుకుని వెనక్కి మళ్లితే అన్నిటికన్నా ఎక్కువ. సీసియం గామానే తీసుకోండి. వెనక్కి మళ్లినప్పుడు దాని దగ్గర మిగిలేది 184, ఎలక్ట్రాన్‌కు పోయేది 477. రెండూ కలిపితే 662కి లెక్క సరిపోతుంది, కాస్త దశాంశాల తేడాతో. ఆ 477 దాటి ఒక్క తాకిడిలో ఎలక్ట్రాన్‌కు ఇంకేమీ దక్కదు. అందుకే అక్కడ గట్టు తెగుతుంది. దాని పేరు కాంప్టన్ గట్టు.

ఆర్థర్ హోలీ కాంప్టన్ ఈ పని ఎక్స్‌కిరణాలతో చేసి పేరు తెచ్చుకున్నాడు గాని, అతన్ని మొదట తికమక పెట్టింది గామా కిరణాలే. 1919లో కేంబ్రిడ్జి వెళ్లి రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో రేడియం గామాలను పదార్థం మీదికి పంపి చూశాడు. చెదిరి వచ్చిన కిరణాలు వెళ్లినవాటికన్నా బలహీనంగా ఉన్నాయి. అతనికి ముందే మరికొందరు ఇది గమనించి ఉన్నారు. కాంతి తరంగమనే పాత లెక్కలో దీనికి చోటు లేదు. నీళ్ల మీది అల ఒక రాయిని తాకి చెదిరితే దాని నిడివి మారదు గదా. 1920లో కాంప్టన్ అమెరికా తిరిగి వెళ్లి సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖకు అధిపతి అయ్యాడు. మాలిబ్డినం ఎక్స్‌కిరణాలను గ్రాఫైట్ మీదికి పంపి, చెదిరినవాటి తరంగదైర్ఘ్యాన్ని స్ఫటికంతో కొలిచాడు. ఒక గీత ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. ఒకటి వెళ్లినదే, రెండోది కొంచెం పొడుగైనది. కోణం పెరిగేకొద్దీ తేడా పెరిగింది. గ్రాఫైట్ బదులు మరో మూలకం పెట్టినా తేడా అంతే. కాంతిని శక్తీ ఊపూ ఉన్న కణంగా తీసుకుని, ఎలక్ట్రాన్‌తో తాకిడిగా లెక్క కడితే అంకెలు అతికినట్టు సరిపోయాయి. 1923 మేలో ఆ వ్యాసం ఫిజికల్ రివ్యూలో అచ్చయింది. అదే ఏడు యూరప్‌లో పీటర్ డిబై విడిగా అదే సిద్ధాంతానికి వచ్చాడు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ఘట్టం ఆ తరవాతది. హార్వర్డ్‌లో విలియం డ్వేన్ అనే ప్రయోగనిపుణుడు అదే ప్రయోగం చేస్తే రెండో గీత కనిపించలేదు. డ్వేన్ సామాన్యుడు కాదు, ఎక్స్‌కిరణాల కొలతలో అప్పటికే పేరున్నవాడు. కాంప్టన్ చూసిన గీత గ్రాఫైట్ నుంచి వచ్చింది కాదనీ, పరికరం చుట్టూ ఉన్న చెక్కపెట్టె నుంచి వచ్చిందనీ అన్నాడు. చెక్కలో ఉండేది కర్బనం, ఆక్సిజన్. కిరణాలు వాటిని తాకి తిరిగివచ్చి డిటెక్టర్‌లో పడుతున్నాయన్నాడు. అంటే ఇవాళ మనం నేపథ్యం అని పిలిచే చెత్తే అది, ఆవిష్కరణ కాదు అని. ఈ అనుమానాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మంచి ప్రయోగకారుడు మొదట అడగాల్సిన ప్రశ్న అదే. కాంప్టన్ ఆ పెట్టెను తప్పించి మళ్లీ కొలిచాడు. గీత చెక్కుచెదరలేదు. 1924 చివరికి డ్వేన్ ప్రయోగశాలలోనూ అది కనిపించింది. ఆయన బహిరంగంగా ఒప్పుకున్నాడు.

ఈ వాదం రగులుతున్న రోజుల్లో, 1924 వేసవిలో, టొరంటోలో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశం జరిగింది. అక్కడ మన సి.వి. రామన్ ఉన్నారు. విశాఖపట్నంలో తండ్రి కాలేజీ అధ్యాపకుడిగా ఉన్నప్పుడు అక్కడే బడికి వెళ్లి, పదకొండేళ్లకే మెట్రిక్ పాసైన రామన్. కాంతి తరంగ స్వభావాన్ని కాచి వడపోసిన మనిషి. కణం మాట ఆయనకు రుచించలేదు. చర్చ ముగిశాక, వాదించడంలో నువ్వు దిట్టవే గాని సత్యం నీ వైపు లేదు అన్న అర్థం వచ్చేలా రామన్ తనతో అన్నట్టు కాంప్టన్ తరవాత గుర్తుచేసుకున్నాడు. 1926–27లో కాంప్టన్ మన దేశం వచ్చి లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో గడిపాడు. 1927లో అతనికి నోబెల్ వచ్చేసరికి రామన్ ఆలోచన మారిపోయింది. ఎక్స్‌కిరణాలకు ఇది నిజమైతే మామూలు కాంతికీ ఇలాంటిదేదో ఉండి తీరాలని పట్టుబట్టారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం వెలువడింది. రెండూ ఒకటి కాదు. కాంప్టన్‌ది విడి ఎలక్ట్రాన్‌తో తాకిడి, రామన్‌ది అణువు కంపనాలతో లావాదేవీ. కానీ ఒకటి రెండోదానికి ధైర్యం ఇచ్చింది.

1929లో ఆస్కార్ క్లైన్, యోషియో నిషినా కలిసి, డిరాక్ కొత్త సమీకరణం ఆధారంగా, ఏ శక్తి గల కిరణం ఏ కోణంలో ఎన్నిసార్లు చెదురుతుందో సూత్రం కట్టారు. దాంతో మెట్ట ఆకారం కూడా ముందే లెక్కకట్టదగినదైంది. చెదిరిన ప్రతి కిరణానికీ లెక్క ఉందన్న మాట ఇక్కడ గుర్తుపెట్టుకోండి. వాల్తేరులో జరిగిన పని అంతా దాని మీదే నిలబడింది.

ఆ పనికి నాంది పలికిన స్వామి జ్ఞానానంద 1896లో పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టారు. పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యవ్వనంలో ఇల్లు విడిచి హిమాలయాల్లో యోగసాధనలో ఏళ్లు గడిపి, తన ఆధ్యాత్మిక గ్రంథం పని మీద జర్మనీ వెళ్లినవారు, అక్కడ భౌతికశాస్త్రంలో పడ్డారు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌కిరణాల వర్ణపటం మీద పరిశోధించి 1936లో డాక్టరేటు పొందారు. అక్కడి నుంచి లివర్‌పూల్‌లో, న్యూట్రాన్ కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ దగ్గర చేరి బీటా కిరణాల వర్ణపటమాపకం మీద పనిచేశారు. అధిక శూన్యం ఎలా సృష్టించాలి, ఎలా కొలవాలి అన్న విషయం మీద ఆయన రాసిన ఇంగ్లిష్ పుస్తకం 1947లో అచ్చయింది. కాషాయం విడవకుండానే ఇదంతా.

1954లో ఆయన విశాఖపట్నం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1956లో అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ ఆయన చేతుల మీదుగా మొదలైంది. ఆయన 1969లో కన్నుమూసేదాకా, ఆ తరవాత చాలా ఏళ్లు, ఆ ప్రయోగశాల నుంచి గామా కిరణాల మీద వ్యాసాలు వరుసగా వచ్చాయి. సన్యాసి అయిన శాస్త్రవేత్త అన్న వింత దగ్గరే ఆగిపోయి, ఆ ప్రయోగశాల ఏం కొలిచిందో చెప్పకుండా వదిలేసే వ్యాసాలు మన పత్రికల్లో చాలా చూశాను. అది నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే వాళ్ల పని అందమైనది.

రియాక్టర్ లేదు, పెద్ద త్వరణయంత్రం లేదు. ఉన్నదల్లా కొన్ని రేడియోధార్మిక మూలాలు, సోడియం అయొడైడ్ స్ఫటికం, సీసపు ఇటుకలు, ఓపిక. మూలం ముందు సన్నటి రంధ్రమున్న సీసపు దిమ్మె, తరవాత కొలవాల్సిన లోహపు రేకు, మళ్లీ రంధ్రమున్న దిమ్మె, చివర డిటెక్టర్. రంధ్రాలు అంత సన్నగా ఎందుకంటే, రేకులో ఏ కొంచెం చెదిరిన గామా అయినా దారి తప్పి సీసంలో పడాలి, డిటెక్టర్‌ను చేరకూడదు. అప్పుడే రేకు ఎన్నింటిని ఆపిందో నిక్కచ్చిగా తెలుస్తుంది. అలా వచ్చిన మొత్తంలో కాంప్టన్ చెదురు ఎంతో సిద్ధాంతం చెబుతుంది. దాన్ని తీసేస్తే, తక్కువ శక్తుల దగ్గర ప్రధానంగా మిగిలేది ఫోటోవిద్యుత్ శోషణ, అంటే గామా తన శక్తినంతా ఒక్కచోటే వదిలి అదృశ్యమయ్యే ఘటన. వి. లక్ష్మీనారాయణ, కె. పార్థసారధి ప్రభృతులు 1960లలో ఇలాంటి కొలతలు ప్రచురించారు. గామా డిటెక్టర్ తయారుచేసే ఎవరికైనా ఏ లోహం ఏ శక్తి దగ్గర ఎంత మింగుతుందో, ఎంత చెదరగొడుతుందో తెలియాలి. వాల్తేరులో కొలిచినవి సరిగ్గా అలాంటి అంకెలే.

ఆ లెక్కలు చూపించిన సంగతి ఇది. జెర్మేనియంలో సీసియం గామా ఎక్కువసార్లు చెదురుతుంది, తక్కువసార్లు పూర్తిగా ఆగుతుంది. బరువైన మూలకంలో పూర్తిగా ఆగే అవకాశం పెరుగుతుంది.

1948లో రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్ థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికాన్ని పట్టుకువచ్చాడు. గామా తగిలితే అది మెరుస్తుంది, మెరుపు ఎంతో దాన్ని బట్టి శక్తి తెలుస్తుంది. పెద్ద స్ఫటికాలు పెంచవచ్చు కాబట్టి చెదిరిన గామా కూడా చాలాసార్లు లోపలే చిక్కుతుంది. కానీ శిఖరాలు వెడల్పు. సీసియం గీత 662 దగ్గర 45 కె.ఇ.వి. పైచిలుకు వెడల్పున పరుచుకుంటుంది. పక్కపక్కనున్న రెండు గీతలు ఒకే గుట్ట అయిపోతాయి. 1960ల మొదట్లో లిథియం చొప్పించిన జెర్మేనియం డిటెక్టర్లు వచ్చాయి. వాటిలో శిఖరం వెడల్పు కొద్ది కె.ఇ.వి.లే, ఇప్పటి శుద్ధ జెర్మేనియంలో రెండు దాటదు. ప్రపంచం ఒక్కసారిగా స్పష్టమైంది. అయితే ఆ తొలి జెర్మేనియం ముక్కలు చిన్నవి. గామా ఒకసారి చెదిరిందంటే బయటికే. సన్నటి శిఖరాల కింద కాంప్టన్ మెట్ట ఇంకా పెరిగింది.

సీసపు గోడ దీనికి మందు కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. సీసం ఆపేది బయటి గోడల నుంచి, నేల నుంచి వచ్చే కిరణాలను. పాలలోని పొటాషియం గోడకు లోపలే ఉంది. దాని మెట్టను తొలగించడానికి ఇంకో ఉపాయం కావాలి.

ఉపాయం 1950లలోనే దొరికింది. చెదిరిన గామా స్ఫటికం దాటిపోతోంది కాబట్టి, ఆ దారిలో ఇంకో డిటెక్టర్ పెట్టాలి. లోపలి డిటెక్టర్, దాని చుట్టూ ఉన్న డిటెక్టర్ ఒకే క్షణంలో మోగాయంటే, లోపలి లెక్క సగంలో తెగిందన్నమాట. ఆ లెక్కను కొట్టేయాలి. లోపలిది ఒంటరిగా మోగితేనే రాసుకోవాలి. మొదట చుట్టూ సోడియం అయొడైడ్ పెట్టారు, చాలా మందం అవసరమైంది. తరవాత బిస్మత్ జర్మనేట్, బీజీవో అని పిలిచే స్ఫటికం వచ్చింది. దాని సాంద్రత 7.13, సోడియం అయొడైడ్‌ది 3.67. బిస్మత్ పరమాణు సంఖ్య 83. దాన్ని దాటి పోవడం గామాకు కష్టం.

దీంతో ఎంత తేడా వచ్చిందో కోబాల్ట్-60తో చూస్తే తెలుస్తుంది. ఒంటరి జెర్మేనియంలో వంద లెక్కల్లో ఇరవై దాకా శిఖరంలో పడతాయి, మిగతావి మెట్టలో. బీజీవో కవచంతో యాభై, అరవై దాకా శిఖరంలోకి వస్తాయి. రెండు గామాలు ఒకేసారి వచ్చే ఘటనలు వెతికేవాళ్లు ఈ అంకెను దానితోనే గుణించాలి. కవచం లేకపోతే నూటికి నాలుగు ఘటనలు పనికొస్తాయి, ఉంటే ముప్పై. 1986లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీలో పీటర్ ట్విన్ బృందం ఇలాంటి కవచాలున్న జెర్మేనియం వరుసతో డిస్ప్రోసియం-152లో 19 గీతలు చూసింది. దాదాపు 47 కె.ఇ.వి. ఎడంతో కొలిచి నాటినట్టున్న గీతలు. కేంద్రకం ఒక దిక్కుకు బాగా సాగి అతివేగంగా తిరుగుతోందనడానికి అది సాక్ష్యం. అవి అంతకుముందు కూడా మెట్ట కింద ఉండే ఉంటాయి, చూసే కన్ను లేదు. మన దేశంలో ముంబై టాటా సంస్థ, ఢిల్లీ, కోల్‌కతా త్వరణయంత్రాల మధ్య తిరిగే ఇంగా అనే అమరికలో 24 డిటెక్టర్లకు చోటుంది. ఒక్కో దానిలో నాలుగు జెర్మేనియం స్ఫటికాలు, చుట్టూ బీజీవో కవచం. ఒక స్ఫటికం నుంచి తప్పించుకుని పక్కదానిలో పడిన శక్తిని కలిపి కూడబెట్టుకునే వీలు కూడా అందులో ఉంది. అంటే పారిపోయినదాన్ని కొట్టేయడమే కాక, కొంత తిరిగి రాబట్టుకోవడం.

వికిరణ పరికరాలు మన దేశంలోనే తయారు కావాలన్న పట్టుదలకు మన ప్రాంతం నుంచి ఒక పేరు తప్పక చెప్పాలి: అయ్యగారి సాంబశివరావు. 1914లో మోగల్లులో పుట్టారు. మోగల్లు, జ్ఞానానంద పుట్టిన గొరగనమూడి రెండూ ఇప్పటి పాలకోడేరు మండలంలోవే. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆయన నాయకత్వంలో మొదలైంది. దేశంలోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు గామా లెక్కలను శక్తిని బట్టి వేరుచేసి తెర మీద గీసే మల్టీచానల్ ఎనలైజర్లు ఆ సంస్థ నుంచి వచ్చాయి. ఒకే మట్టిలో పుట్టిన ఇద్దరు, ఒకరు కిరణాన్ని కొలవడం నేర్పితే, ఒకరు కొలిచే పెట్టెను చేయించారు.

హైదరాబాద్ బేగంపేటలో అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ ఉంది. వాళ్లు యురేనియం వెతుకుతూ విమానంలోనో హెలికాప్టర్‌లోనో పెద్ద సోడియం అయొడైడ్ స్ఫటికాలు పెట్టుకుని నేల మీదుగా ఎగురుతారు. ఆకాశంలో బీజీవో కవచం మోసుకుపోవడం కుదిరే పని కాదు. అందుకని లెక్కతో కోస్తారు. థోరియం కుటుంబం 2614 దగ్గర, యురేనియం కుటుంబం 1764 దగ్గర, పొటాషియం 1461 దగ్గర గీతలిస్తాయి. థోరియం గామాల కాంప్టన్ మెట్ట యురేనియం కిటికీలోకి, పొటాషియం కిటికీలోకి జారుతుంది. యురేనియంది పొటాషియం కిటికీలోకి. ముందుగా, ఏ మూలకం ఎంత కలిపారో తెలిసిన కాంక్రీటు దిమ్మెల మీద పరికరం పెట్టి, ఒక్కో థోరియం లెక్కకు యురేనియం కిటికీలో ఎన్ని దొంగ లెక్కలు చేరుతున్నాయో కొలిచి నిష్పత్తి కడతారు. తరవాత ప్రతి కొలత నుంచీ ఆ నిష్పత్తి ప్రకారం తీసేస్తారు. ఇది చేయకపోతే మోనజైట్ ఇసుకలో థోరియం దండిగా ఉన్న భీమునిపట్నం తీరమంతా యురేనియం గనిలా కనిపిస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం నిజంగా ఉంది. ఈ తేడా తేల్చడానికి కాంప్టన్ చెదురు ఎంతో తెలియాలి.

పాల దగ్గరికి వద్దాం. 1968లో అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసే లాయిడ్ కర్రీ ఒక వ్యాసంలో, పరికరానికి కనిపించగలిగే కనిష్ఠ పరిమాణం ఎంతో సూత్రబద్ధం చేశాడు. ఆ కనిష్ఠం శిఖరం కింద ఉన్న నేపథ్యపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. నేపథ్యాన్ని నాలుగోవంతుకు తగ్గిస్తే, కనిపించే కనిష్ఠం సగానికి దిగుతుంది. కవచం లేకుండా అంతే మెరుగు కావాలంటే నాలుగు రెట్లు ఎక్కువసేపు లెక్కపెట్టాలి. ఒక్క రాత్రి పని నాలుగు రాత్రులు పడుతుంది, ఆ లోగా తక్కిన నమూనాలు వరుసలో ఆగుతాయి. అందువల్ల సీసియం కనిపించలేదన్న నివేదిక చదివేటప్పుడు, దాని పక్కన ఇంత బెకరెల్ (సెకనుకు ఒక విచ్ఛిన్నం) కన్నా తక్కువ అన్న అంకె ఉందా అని చూడాలి. ఆ అంకె లేని నివేదిక సగం నివేదిక. ఆ అంకె ఇచ్చిన ప్రయోగశాల తన చూపు ఎంత దూరమో నిజాయితీగా చెప్పినట్టు. పౌరులుగా మనం అడగాల్సింది అదే.

కవచం అన్నిటికీ మందు కాదని కూడా చెప్పాలి. సీసియం-137 ఒక్కసారికి ఒక్క గామానే ఇస్తుంది, దానికి కవచం బాగా పనిచేస్తుంది. కోబాల్ట్-60 అలా కాదు. 1173, 1332 రెండూ దాదాపు ఒకే క్షణంలో వెలువడతాయి. ఒకటి జెర్మేనియంలో పూర్తిగా ఆగి, రెండోది కవచంలో పడిందనుకోండి. పరికరం దాన్ని చెదిరిన గామాగా భావించి మంచి లెక్కను కూడా కొట్టేస్తుంది. రియాక్టర్ ప్రమాదాల తరవాత సీసియం-137 పక్కనే వచ్చే సీసియం-134ది కూడా ఇదే గతి, దాని 605, 796 గీతలు వెంటవెంటనే వస్తాయి. అందుకే తెలిసినవాళ్లు కొట్టేసిన లెక్కలను పారేయరు. వాటిని వేరే పటంగా దాచి, రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చదువుతారు.

మిగిలిన మెట్ట కూడా ఎప్పుడూ సున్నా కాదు. ఆకాశం నుంచి మ్యూయాన్లు అనే కణాలు సీసాన్ని దాటుకుని వస్తాయి. సీసంలోనే 22 ఏళ్ల అర్ధాయువున్న సీసం-210 కొద్దిగా ఉంటుంది. దాన్ని తప్పించుకోవడానికి పాత సీసాన్ని వెతికి తెస్తారు. గదిలోని గాలిలో రాడాన్ ఉంటుంది. దాన్ని తరిమేయడానికి ద్రవ నైట్రోజన్ నుంచి ఆవిరైన వాయువునే డిటెక్టర్ చుట్టూ పారిస్తారు. ఒక్కో అడ్డంకిని తొలగించడం ఒక్కో కథ, వాటికి ఇక్కడ చోటు చాలదు.

అయితే కాక్రాపార్ లాంటి భారజల రియాక్టర్ విషయంలో, ఎంత మంచి గామా పరికరమైనా చూడలేనిది ఒకటుంది. భారజలంలోని డ్యుటీరియం న్యూట్రాన్‌ను పట్టుకుని ట్రిటియంగా మారుతుంది. ట్రిటియం గామా ఇవ్వదు. గరిష్ఠంగా 18.6 కె.ఇ.వి. శక్తి గల బీటా ఒక్కటే ఇస్తుంది. అది పాత్ర గోడను కూడా దాటలేదు. తాపీ నీళ్లలో దాన్ని కొలవాలంటే ఆ నీళ్లను ఒక మెరిసే ద్రావణంలో నేరుగా కలిపి, చీకటి గదిలో రెండు కాంతి గొట్టాల మధ్య ఉంచాలి. 2016లో కారింది భారజలమే కాబట్టి, అమ్రోలి దాకా వచ్చే నది గురించి అడగాల్సిన తరవాతి ప్రశ్న ట్రిటియందే. వచ్చే భాగం దాని మీద.